తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక పట్టణాన్ని క్షణంలో బూడిద చేయగల వస్తువు ఒకటి ఉందనుకోండి. దాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే మీరు నిశ్చింతగా నిద్రపోగలరు? సేనాధిపతి దగ్గరా? మీరు ఓటు వేసి గెలిపించిన నాయకుని దగ్గరా? దాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుని దగ్గరా? లేక, ఎవరి దగ్గర ఉన్నా నిద్ర పట్టదు, అసలు ఆ వస్తువే ఉండకూడదు అంటారా?

ఇది తర్కశాస్త్రం తరగతిలో విద్యార్థులకు వేసే ఊహాప్రశ్న కాదు. అమెరికా దేశం 1945, 46 సంవత్సరాలలో దాదాపు ఏడాదిపాటు ఈ ప్రశ్న మీదే వాదించుకున్నది. ఆ వాదన ముగింపుగా, 1947 జనవరి 1న, అణుశక్తి సైన్యం చేతిలోనుంచి పౌరుల చేతిలోకి మారింది. చరిత్రలో చాలా అరుదుగా జరిగే సంగతి ఇది. అంతటి శక్తిని చేజిక్కించుకున్న సైన్యం, ఒక చట్టానికి తలవంచి దాన్ని వేరొకరికి అప్పగించింది. ఆ మార్పు వలన ఏమి బాగుపడింది, ఏమి బాగుపడలేదు అని విచారించి చూస్తే, మన మనస్సాక్షికి పనికివచ్చే పాఠాలు కొన్ని దొరుకుతాయి.

సైన్యం ఇంట పుట్టిన బిడ్డ

అణుబాంబు తయారీని 1942లో అమెరికా సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగానికి అప్పగించారు. ఆ సంవత్సరం సెప్టెంబరు నుంచి జనరల్ లెస్లీ గ్రోవ్స్ దానికి అధిపతి. న్యూ మెక్సికోలో లాస్ అలామోస్, టెనెసీలో ఓక్ రిడ్జ్, వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ అనే చోట్ల రహస్య పట్టణాలు వెలిశాయి. లక్షకు పైగా జనం పనిచేశారు. ఖర్చు సుమారు 200 కోట్ల డాలర్లు. కాని ఆ పనివాళ్ళలో అత్యధికులకు తాము ఏమి తయారుచేస్తున్నామో తెలియదు. ఒక గదిలో ఉన్నవాడికి పక్క గదిలో జరిగేది తెలియకూడదు అన్నది నియమం. దేశ ఉపాధ్యక్షుడిగా ఉన్న హారీ ట్రూమన్‌కే అసలు సంగతి తెలియదు. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించి తాను అధ్యక్షుడైన తరువాతే, ఏప్రిల్ 25న, ఆయనకు పూర్తి వివరాలు చెప్పారు.

జూలై 16న ఎడారిలో పరీక్ష జరిగింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ సంవత్సరం ముగిసేలోగా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది మరణించారని అంచనా. నాగసాకిలో బాంబు పేలిన చోటు ఉరకామి. పునీత ఫ్రాన్సిస్ శౌరివారు 1549లో జపానులో నాటిన విశ్వాసాన్ని, గురువులు లేకుండా, పూజలు లేకుండా, రెండు వందల సంవత్సరాలకు పైగా రహస్యంగా కాపాడుకున్న కుటుంబాల పేట అది. ఆ రోజు ఉదయం ఉరకామి దేవాలయంలో మోక్షారోపణ పండుగకు సిద్ధపడుతూ విశ్వాసులు పాపసంకీర్తనం చేస్తున్నారు. వింటున్న గురువులు, చెబుతున్న విశ్వాసులు ఒక్కసారిగా మరణించారు. ఆ విచారణలోని సుమారు 12,000 మంది కతోలికులలో 8,500 మంది దాకా చనిపోయారు.

మరునాడు, ఆగస్టు 10న, అధ్యక్షుడు ట్రూమన్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. తన స్పష్టమైన అనుమతి లేకుండా ఇక ఒక్క బాంబు కూడా వేయరాదని. మూడవ బాంబు కొద్ది రోజులలో సిద్ధం కానున్నదని సైన్యం చెప్పిన రోజే ఆ ఆజ్ఞ వెలువడింది. మరో లక్షమందిని, ఆ పసిపిల్లలను చంపే ఆలోచన తనకు భరింపరానిదిగా ఉందని ఆయన తన మంత్రులతో అన్నట్లు వారిలో ఒకరు దినచర్యలో వ్రాసుకున్నారు. తాళంచెవి చేతులు మారడం నిజానికి ఆ రోజే మొదలైంది.

ఏడాది సాగిన వాదన

యుద్ధం ముగిసింది. ఇక ఈ శక్తిని ఎవరు ఏలాలి? 1945 అక్టోబరులో మే, జాన్సన్ అనే ఇద్దరు చట్టసభ సభ్యులు ఒక బిల్లు తెచ్చారు. దాన్ని వ్రాసింది యుద్ధశాఖ. దాని ప్రకారం అణుశక్తి సంఘంలో పదవిలో ఉన్న సైనికాధికారులు కూడా కూర్చోవచ్చు. రహస్యం బయటపెట్టిన శాస్త్రజ్ఞునికి కఠిన శిక్షలు ఉంటాయి. విచారణను ఒకటి రెండు రోజులలో ముగించి, బిల్లును తొందరగా దాటించాలని చూశారు.

అప్పుడు బాంబును తయారుచేసిన శాస్త్రజ్ఞులే ఎదురుతిరిగారు. లియో జిలార్డ్, హెరాల్డ్ యూరీ వంటివారు ప్రయోగశాలలు వదిలి వాషింగ్టన్ దారి పట్టారు. మైకు ముందు మాట్లాడడం అలవాటు లేని మనుషులు సెనేటర్ల తలుపులు తట్టారు. సంఘాలు, మతసంస్థలు, మహిళా సమాజాలు కదిలాయి. వేలాది ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కనెటికట్ రాష్ట్రానికి చెందిన యువ సెనేటరు బ్రయన్ మెక్‌మహన్ 1945 డిసెంబరులో మరో బిల్లు తెచ్చాడు. ఈయన కతోలికుడు, యేసుసభ గురువుల ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. ఐదుగురు పౌరులతో ఒక సంఘం ఉండాలి, సైన్యం సలహా చెప్పవచ్చు గాని పెత్తనం చేయరాదు అన్నది ఆ బిల్లు సారాంశం. మధ్యలో కెనడాలో గూఢచారుల వ్యవహారం బయటపడి, రహస్యాలు పోతాయన్న భయం పెరిగింది. సైన్యానికి ఎక్కువ అధికారం ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చింది. చివరకు రాజీ కుదిరి, సైన్యం తరపున ఒక అనుసంధాన కమిటీని చేర్చి, 1946 ఆగస్టు 1న ట్రూమన్ ఆ చట్టం మీద సంతకం చేశాడు. 1947 జనవరి 1న గ్రోవ్స్ బాధ్యత ముగిసి, డేవిడ్ లిలియెంథాల్ అధ్యక్షతన అణుశక్తి సంఘం పగ్గాలు అందుకొన్నది.

తరువాత సంవత్సరంలోనే, 1948 జూలైలో, తయారైన బాంబులనైనా మాకు అప్పగించండి అని సైన్యం అడిగింది. ట్రూమన్ ఒప్పుకోలేదు. ఇది తుపాకి, ఫిరంగి వంటి ఆయుధం కాదు, స్త్రీలను, పిల్లలను, నిరాయుధులను తుడిచిపెట్టేది, కనుక దీన్ని వేరుగా చూడాలి అన్నది ఆయన వాదన. ఎంత విచిత్రమో చూడండి. ఆ మాట అన్నవాడు దాన్ని ఉపయోగించమని అనుమతించినవాడే.

దుస్తులు మారితే మనసు మారుతుందా?

ఇప్పుడు మనం జాగ్రత్తగా ఆలోచించవలసిన చోటికి వచ్చాం. సైనికుడు క్రూరుడు, పౌరుడు సౌమ్యుడు. కనుక సైనికుని చేతిలోనుంచి పౌరుని చేతికి మారడమే మంచి. ఇలా అనుకునేవారు ఉన్నారు. ఈ ఆలోచన నిలబడదు.

జపాను మీద బాంబు వేయమని సిఫారసు చేసిన తాత్కాలిక కమిటీలో ఉన్నవారు ఎవరు? మంత్రులు, విశ్వవిద్యాలయాల పెద్దలు, శాస్త్రజ్ఞులు. అందరూ పౌరులే. యుద్ధశాఖ మంత్రి హెన్రీ స్టిమ్సన్ వృత్తిరీత్యా న్యాయవాది. ఆ పనిని అనాగరికమని తరువాత తన జ్ఞాపకాలలో ఖండించినది ఎవరు? నౌకాదళ సేనాని అడ్మిరల్ లీహీ. స్త్రీలను, పిల్లలను చంపి యుద్ధాలు గెలవడం తనకు నేర్పలేదని ఆయన బాధపడ్డాడు. సూటు వేసుకున్నవారు సరే అన్నారు, యూనిఫారం వేసుకున్నవాడు సిగ్గుపడ్డాడు.

సువార్తలు కూడా మనకు ఇదే చెబుతున్నాయి. బాప్తిస్మ యోహాను దగ్గరకు సైనికులు వచ్చి, మేమేం చేయాలి అని అడిగితే, ఆయన వారిని కొలువు మానుకోమనలేదు. బలవంతంగా ఎవరి సొమ్మూ లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. కఫర్నాములోని శతాధిపతి విశ్వాసాన్ని చూసి ప్రభువే ఆశ్చర్యపడ్డారు. ఆ సైనికుని మాటలనే మనం ప్రతి దివ్యపూజలో సత్ప్రసాదానికి ముందు పలుకుతున్నాం. సిలువ క్రింద నిలబడి ఆయన ఎవరో గుర్తించినవాడు కూడా శతాధిపతే. మరి మేకులు కొట్టమని తీర్పు చెప్పింది ఎవరు? న్యాయపీఠం మీద కూర్చున్న పాలకుడు పిలాతు. ఆయన చేతులు కడుక్కున్నాడు. బయట నిలబడి కేకలు వేసింది సాధారణ జనం.

ఇక పౌరసంఘం చేతికి వచ్చాక ఏమి జరిగిందో లెక్కలు చూడండి. 1946 చివరకు అమెరికా దగ్గర ఉన్న అణుబాంబులు పదికి మించలేదు. 1967 నాటికి 31,255. ఆ బాంబులను తయారుచేయించింది పౌరుల సంఘమే. 1949లో ఆ సంఘానికే చెందిన శాస్త్రజ్ఞుల సలహా కమిటీ, ఆపెన్‌హైమర్ అధ్యక్షతన, హైడ్రోజన్ బాంబు వద్దు అన్నది. 1950 జనవరి 31న పౌర అధ్యక్షుడు కావాలన్నాడు. 1954 మార్చి 1న బికినీ దీవిలో పేల్చిన బాంబు దుమ్ము రొంగెలాప్ దీవివాసుల మీద, ఒక జపాను చేపల పడవలోని 23 మంది మీద కురిసింది. ఆ పడవ రేడియో ఆపరేటరు కుబోయామా ఆ సెప్టెంబరులో మరణించాడు. 1951 నుంచి నెవాడా ఎడారిలో జరిగిన పరీక్షల గాలి సోకిన పల్లెల ప్రజలకు, ప్రమాదమేమీ లేదని చెప్పింది కూడా ఆ పౌరసంఘమే. 1990లో ఆ దేశ చట్టసభ ఆ ప్రజలకు క్షమాపణ చెప్పి, పరిహారం ఇవ్వడానికి చట్టం చేసింది. అప్పటికి ఎందరో సమాధులలో ఉన్నారు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివినవారికి నాలుగు కారణాల సంగతి జ్ఞాపకముంటుంది. కుండకు మట్టి ఉపాదాన కారణం, ఆకారం రూప కారణం, కుమ్మరి నిమిత్త కారణం, నీళ్ళు నిలవడం ప్రయోజన కారణం. కుమ్మరిని మార్చినంత మాత్రాన కుండ ప్రయోజనం మారదు. 1947లో మారింది నిమిత్త కారణం, అంటే చేసేవాడు. ప్రయోజన కారణం, అంటే దేనికోసం చేస్తున్నామన్నది, మారలేదు. ఒక పనిలోని మంచిచెడ్డలు చాలావరకు ఆ ప్రయోజనం దగ్గరే తేలతాయి.

మరి పౌర పాలన ఎందుకు?

అలాగైతే మెక్‌మహన్, ఆ శాస్త్రజ్ఞులు, ఉత్తరాలు వ్రాసిన ఆ తల్లులు పడిన శ్రమంతా వృథాయేనా? కాదు. పౌర పాలన మంచిదే. కాని దానికి కారణం పౌరులు పుణ్యాత్ములని కాదు, పౌర పాలకుని మనం నిలదీయగలమని.

సైనికుడు పైవాడికి జవాబు చెబుతాడు. అది అతని ధర్మం. వరుస దాటి ప్రశ్నించే సైన్యం సైన్యం కాదు. కాని పాలకుడు రెండు వైపులా జవాబు చెప్పాలి. తనను ఎన్నుకున్న ప్రజలకు చెప్పాలి, తనకు ఆ అధికారాన్ని అనుగ్రహించిన దేవునికీ చెప్పాలి. పై నుంచి ఇవ్వబడకపోతే నాపై నీకు అధికారమే ఉండేది కాదని ప్రభువు పిలాతుతో అన్నారు. అధికారం ఒకరు మనకు అప్పగించిన సొమ్ము. అప్పగించిన సొమ్ముకు లెక్క చెప్పాలి.

ఇక్కడే మనకు ఇబ్బంది కలిగించే సంగతి ఒకటుంది. శక్తి సైన్యం చేతిలో ఉన్నంతకాలం, మనకేం తెలుసు, మాకెవరు చెప్పారు అని సామాన్య పౌరుడు తప్పుకోవచ్చు. అది పౌర ప్రభుత్వం చేతికి వచ్చిన మరుక్షణం ఆ తాళంచెవి గుత్తిలో ఒక చిన్న చెవి అతని చేతికి కూడా వస్తుంది. అతని పేరుతో, అతని ఓటుతో, అతని పన్నులతో అది నడుస్తుంది. చాలామంది దీన్ని గమనించరు. పౌర పాలన అనగానే, హమ్మయ్య, భారం దిగింది అనుకుంటారు. నిజానికి భారం అప్పుడే మన భుజానికి ఎక్కుతుంది.

నాగసాకి మీద బాంబు వేసిన విమానం బయలుదేరిన టినియన్ దీవిలో, ఆ దళాలకు ఆత్మసంబంధమైన సేవ చేస్తున్న కతోలిక గురువు ఒకరుండేవారు, ఫాదర్ జార్జి జబెల్కా. పట్టణాలలోని నిరాయుధుల మీద బాంబులు వేయడం పాపమని ఆ రోజుల్లో తాను ఒక్కసారి కూడా ప్రసంగించలేదని, అది తన పనిగా అనుకోలేదని, ఆయన ఎన్నో సంవత్సరాల తరువాత బహిరంగంగా ఒప్పుకొని, మిగిలిన జీవితాన్ని శాంతి కోసం ధారపోశారు. ఆయన తప్పు బాంబు వేయడం కాదు, మౌనంగా ఉండడం. ఆ తప్పు చేయడానికి సైన్యంలో చేరనవసరం లేదు.

తెలియకుండా అడగడం ఎలా?

నిలదీయాలంటే ముందు తెలియాలి. 1946 చట్టంలోని పెద్ద లోపం ఇక్కడే ఉన్నది. శక్తిని పౌరులకు ఇచ్చింది గాని, దాన్ని గురించిన జ్ఞానానికి సైన్యం వేసిన తాళాన్ని అలాగే ఉంచింది. అణ్వాయుధాలకు సంబంధించిన సమాచారమంతా పుట్టుకతోనే రహస్యం. దేశానికి హాని చేసే ఉద్దేశంతో దాన్ని బయటపెట్టినవారికి మరణశిక్ష కూడా విధించవచ్చు. బాంబు తయారీ కిటుకును శత్రువుకు చెప్పమని ఎవరూ అనరు. అయితే రహస్యం అనే గొడుగు క్రింద బాంబు కిటుకుతోపాటు పల్లెల మీద పడిన దుమ్ము సంగతి కూడా దాగింది. 1945 నుంచి 1947 వరకు, ఏమీ తెలియని 18 మంది రోగుల శరీరాలలోకి ప్లుటోనియం ఎక్కించిన సంగతి దాగింది. ఆ రేడియేషన్ ప్రయోగాలకు అమెరికా అధ్యక్షుడు క్లింటన్ 1995లో దేశం తరపున క్షమాపణ చెప్పారు.

చట్టమంటే ఏమిటో చెబుతూ పునీత థామస్ అక్వినాసుగారు నాలుగు లక్షణాలు పేర్కొన్నారు. అది బుద్ధితో చేసిన విధి కావాలి. సర్వజనుల మేలు కోసం కావాలి. సమాజ సంరక్షణ బాధ్యత ఉన్నవాడు చేయాలి. ప్రజలకు ప్రకటింపబడాలి. ఈ నాలుగవ లక్షణాన్ని మనం తేలికగా తీసుకుంటాం. ప్రకటింపబడనిది మనిషిని బాధ్యుణ్ణి చేయలేదు. మనిషి కూడా దానికి బాధ్యత వహించలేడు. దాచిన పాలన పౌరుల చేతిలో ఉన్నా, పౌర పాలన అనే పేరు మాత్రమే దానికి మిగులుతుంది.

మరో లోపం కూడా కాలక్రమంలో బయటపడింది. అణుశక్తిని పెంచవలసిన సంఘమే దాని ప్రమాదాలను కనిపెట్టవలసిన సంఘం కూడా అయింది. సరుకు అమ్మేవాడే తూకం సరిచూసే అధికారి అయినట్టు. ఇది కుదరదని గ్రహించి, 1974లో చట్టం చేసి ఆ సంఘాన్ని రద్దుచేశారు. పెంచేపని ఒకరికి, కనిపెట్టేపని మరొకరికి పంచారు. పౌరులలోనైనా ఒకరిని ఒకరు తనిఖీ చేసే ఏర్పాటు లేకపోతే అధికారం పాడవుతుంది. ఆదిపాపాన్ని నమ్మే మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

మన దేశం మాట

మన దేశంలో కథ వేరుగా నడిచింది. ఇక్కడ అణుశక్తి ఎన్నడూ సైన్యం ఇంట పుట్టలేదు. 1948లో చట్టం చేసి, ఆ ఆగస్టులోనే హోమీ భాభా అధ్యక్షతన అణుశక్తి సంఘాన్ని ఏర్పాటుచేశారు. 1954లో అణుశక్తి శాఖ ఏర్పడి ప్రధానమంత్రి ఆధ్వర్యంలోకి వచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో జరిగిన మొదటి పరీక్షను సిద్ధం చేసింది పౌర శాస్త్రజ్ఞులే. 2003లో ప్రకటించిన ఏర్పాటు ప్రకారం, అణ్వాయుధ ప్రయోగానికి అనుమతించగలది ప్రధానమంత్రి అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలి మాత్రమే. సైన్యం నుంచి తాళంచెవి తీసుకోవలసిన అవసరం మనకు రాలేదు. ఇది మన దేశం గర్వించదగినదే.

కాని పౌర పాలన అనగానే సరిపోదని అమెరికా అనుభవం చెప్పింది కదా. మన తెలుగునాట హైదరాబాదులో అణు ఇంధనం తయారయ్యే కర్మాగారం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. గని వ్యర్థాలను నిలవచేసే చెరువు వలన తమ బోరునీళ్ళు పాడవుతున్నాయని అక్కడి రైతులు ఫిర్యాదు చేశారు, సంస్థ కాదన్నది. ఇందులో ఎవరిది నిజమని నేను తీర్పు చెప్పబోవడం లేదు. తీర్పు చెప్పవలసినవాడు ఇద్దరికీ సంబంధం లేనివాడై ఉండాలి, నీటిని పరీక్షించి ఫలితాన్ని ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి అని మాత్రమే అంటున్నాను. 1983లో ఏర్పడిన మన అణుశక్తి నియంత్రణ బోర్డుకు తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదిక ఎత్తిచూపింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం ఆ బోర్డుకు చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. అదే చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకు కూడా తలుపు తెరిచింది. సైనికుడు పైవాడికి జవాబు చెబుతాడు, పాలకుడు ఓటరుకు జవాబు చెబుతాడు. వ్యాపారి ఎవరికి జవాబు చెబుతాడు? వాటాదారులకు. కనుక కనిపెట్టేవాడి కన్ను మునుపటికంటే చురుకుగా ఉండాలి.

గదిలో ఉన్నది ఏమిటి?

చివరకు అసలు ప్రశ్న దగ్గరకు రావాలి. తాళంచెవి సరైనవారి చేతిలో ఉన్నది, అందరూ లెక్క చెబుతున్నారు, అన్నీ ప్రజలకు తెలుసు అనుకుందాం. అప్పుడు ఆ గదిలో ఉన్నది మంచిదవుతుందా? గాదెలో ఉన్నది వడ్లయితే ఎవరు కాపలా ఉండాలి అన్నది పెద్ద ప్రశ్నే. గాదెలో ఉన్నది విషమైతే, కాపలా కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంటుంది.

శ్రీసభ ఈ విషయంలో తొందరపడి మాట్లాడలేదు. బాంబు పుట్టకముందే, 1943 ఫిబ్రవరిలో, 12వ పయస్ జగద్గురువులు యురేనియంలో దాగి ఉన్న శక్తి వినాశనానికి దారితీయగలదని శాస్త్రజ్ఞుల సభలో హెచ్చరించారు. 1963లో పునీత 23వ జాన్ జగద్గురువులు భూమిపై శాంతిని గురించిన తమ విశ్వలేఖలో అణ్వాయుధాలను నిషేధించాలని కోరారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, పట్టణాలకు పట్టణాలను ప్రజలతో సహా నాశనం చేసే యుద్ధచర్య దేవునికి, మానవునికి విరుద్ధమైన నేరమని గట్టిగా ఖండించింది.

మరి శత్రువును భయపెట్టి ఆపడానికి మాత్రమే దగ్గర ఉంచుకుంటే? ఇది న్యాయమైన ప్రశ్న. నిరాయుధీకరణ వైపు నడిచే దారిలో ఒక మెట్టుగా, తాత్కాలికంగా మాత్రమే, దాన్ని సహింపవచ్చునని 1982లో పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఐక్యరాజ్య సమితికి పంపిన సందేశంలో చెప్పారు. మెట్టు అన్నారు గాని, ఇల్లు అనలేదు. దశాబ్దాలు గడిచినా ప్రపంచం ఆ మెట్టు మీదే కాపురం పెట్టింది. అందుకే 2017లో పవిత్ర పీఠం అణ్వాయుధ నిషేధ ఒప్పందాన్ని ఆమోదించింది. 2019 నవంబరు 24న హిరోషిమాలో నిలబడి ఫ్రాన్సిస్ జగద్గురువులు, వాటిని ప్రయోగించడం మాత్రమే కాదు, కలిగి ఉండడం కూడా నీతిబాహ్యమని ప్రకటించారు. సరిహద్దుల్లో ప్రాణాలొడ్డి నిలబడిన మన సైనికుల పట్ల అగౌరవం వలన కాదు ఈ మాట. ఒక మనిషి తాను కాపాడవలసినవారిని చంపకుండా ఆ ఆయుధాన్ని వాడలేడు గనుక.

అలాగని శ్రీసభ అణువును శపించలేదు. శాంతియుత వినియోగం కోసం 1957లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో పవిత్ర పీఠం మొదటినుంచీ సభ్యురాలు. నాగసాకిలో డాక్టరు పౌలు తకాషి నగాయ్ అనే భక్తుడైన కతోలికుడు ఉండేవారు. ఆయన ఎక్స్‌రే వైద్యుడు. రోగుల కోసం ఆ కిరణాల మధ్య పనిచేసి పనిచేసి, బాంబు పడక ముందే రక్త కాన్సరు తెచ్చుకున్నారు. ఆ రోజు బాంబులో భార్యను పోగొట్టుకున్నారు. కాలిన ఇంటిలో ఆమె ఎముకల దగ్గర జపమాల దొరికింది. మంచంపట్టి కూడా శాంతిని గురించి వ్రాస్తూ 1951లో కన్నుమూశారు. కిరణాల శక్తి ఒకటే. ఆయన ఆసుపత్రిలో అది రోగాన్ని వెదికింది, ఉరకామి మీద మనిషిని కాల్చింది.

మన ఇంటికి వస్తే

ప్రియ పాఠకులారా, ఇంత పెద్ద విషయంలో మా వంటి చిన్నవాళ్ళం ఏం చేయగలం అని మీరు అడగవచ్చు. మూడు పనులు సూచిస్తాను.

మొదటిది, మీ పిల్లలతో మాట్లాడండి. మన విచారణల బిడ్డలు ఇంజనీరింగు, సైన్సు చదివి పెద్ద పెద్ద సంస్థలలో చేరుతున్నారు. జీతమెంత అని అడుగుతున్నాం, క్వార్టర్సు ఇచ్చారా అని అడుగుతున్నాం. ఆ పని దేనికోసం నాన్నా అని కూడా అడుగుదాం. అది అనుమానంతో వేసే ప్రశ్న కాకూడదు, ప్రేమతో వేసే ప్రశ్న కావాలి. 1945లో ప్రయోగశాలలు విడిచి సెనేటర్ల తలుపులు తట్టినవారిని ఎవరో ఒకరు చిన్ననాట ఆ ప్రశ్న అలవాటు చేసి ఉంటారు.

రెండవది, లెక్క అడగడం, లెక్క చెప్పడం ఇంటినుంచే మొదలుపెట్టండి. తండ్రి జీతం, అప్పు భార్యకు తెలియని ఇంట్లో ప్రజాస్వామ్యం గురించి పాఠం చెప్పినా పిల్లలకు ఎక్కదు. విచారణ గురువు సంవత్సరాంతపు లెక్కలను దేవాలయంలో చదవాలి. మీరు కూర్చొని వినాలి, అర్థం కానిది అడగాలి. అడగడం అవిధేయత కాదు. పంచాయతీ గ్రామసభకు వెళ్ళండి. నీళ్ళ పరీక్ష ఫలితమడగండి. చిన్న అధికారాన్ని ప్రశ్నించడం చేతకాని ప్రజలు పెద్ద అధికారాన్ని ఎన్నడూ ప్రశ్నించలేరు.

మూడవది, ప్రార్థన. ఆగస్టు 6న మనం ప్రభువు దివ్యరూపధారణ పండుగ జరుపుకుంటాం. కొండమీద ఆయన ముఖం సూర్యునివలె ప్రకాశించిన రోజు అది. హిరోషిమా మీద మరో వెలుగు పడిన తేదీ కూడా అదే. ఆ రోజునుంచి 9 వరకు, నాలుగు రాత్రులు, కుటుంబ జపమాలలో ఒక రహస్యాన్ని ఆ రెండు పట్టణాల మృతుల కోసం, ఈనాడు ఆ తాళంచెవులు పట్టుకొని ఉన్న అన్ని దేశాల పాలకుల కోసం సమర్పించండి. వారికి దేవుడు భయభక్తులను, ఆ గదిని ఖాళీ చేసే ధైర్యాన్ని అనుగ్రహించునుగాక.